నాన్న షష్టిపూర్తి ఆల్బమ్ – చేత్తో చేస్తున్నా, ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటున్నా

డిసెంబరు మొదటి వారం

నాన్న పుట్టింది విశ్వావసు నామ సంవత్సరం కార్తీకంలో, అంటే 1965లో, అరవై ఏళ్ళకి మళ్ళీ అదే విశ్వావసు తిరిగొచ్చింది కాబట్టి మొన్న కార్తీకంలో విజయనగరం ఇంట్లోనే షష్టిపూర్తి చేసాం, హోమం, కలశాల నీళ్ళతో స్నానం, మళ్ళీ తాళి, మళ్ళీ తలంబ్రాలు, అన్నీ. ఫోటోగ్రాఫర్ పెన్ డ్రైవ్ ఇచ్చీసాడు, పదహారు వందల పైన ఫోటోలున్నాయి అందులో. ఆల్బమ్ కూడా మేమే చేసిస్తాం అన్నారు, ఆ దళసరి పేజీల మీద గులాబీలూ మేఘాలూ పెట్టి ప్రింట్ కొట్టే రకం. నాకు అది వద్దనిపించింది. దాంట్లో ఎవరి పేరూ ఉండదు, రేపు ఒక్క ఫోటో మార్చాలన్నా ఇంకో పేజీ కలపాలన్నా కుదరదు. అందుకే నేనే చేస్తానని అమ్మకి చెప్పాను, సంక్రాంతికి హైదరాబాదు నుంచి తమ్ముడు వాళ్ళూ, చిన్నాన్న వాళ్ళూ అందరూ వస్తారు, భోగి నాటికి హాల్లో ఉండాలి ఆల్బమ్.

మొదటి సగం పాతవి, నాన్న చిన్నప్పటివి, 1989లో పెళ్ళివి, రెండో సగం షష్టిపూర్తివి. పాత ఫోటో ఏదీ జిగురుతో అతికించకూడదు, ప్రతి మనిషి పేరూ రాసుండాలి, తర్వాత పేజీలు కలపడానికి వీలుండాలి, ఇంతవరకు గట్టిగా అనుకున్నాను. మిగతా సింగారం టైముని బట్టి.

పెళ్ళి ఆల్బమ్ విప్పడం

ఆ పాత ఆల్బమ్ ఎలాంటిదంటే, పేజీ మీద జిగురు గీతలు గీతలుగా ఉండి పైన ప్లాస్టిక్ పొర కప్పుతామే, అది, అప్పట్లో ప్రతి ఇంట్లో అవే. ఆ జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడి ఫోటో వీపుని పట్టుకుని ఇంక వదలదు, అందులోని అట్ట మంచిది కాదు, పైన ప్లాస్టిక్ కూడా ఫోటోకి అంటుకుపోయి మెరుపు లాగేస్తుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే దయచేసి ఇవాళే ఒకసారి తెరిచి చూడండి.

ముందు పేజీ పేజీ ఉన్నది ఉన్నట్టే స్కాన్ చేసాను, తీసేటప్పుడు ఏమైనా అయినా బొమ్మ మిగులుతుంది కదా. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టాను, మూడున్నర బై అయిదు అంగుళాల ఫోటో 600లో చేస్తే 2100 బై 3000 పిక్సెల్స్ వస్తాయి, అంటే రేపు దాన్ని ఏడు బై పది అంగుళాల వరకు బాగా ప్రింట్ తీసుకోవచ్చు. తర్వాత ప్లాస్టిక్ మెల్లగా ఎత్తి, ఫోటో వెనక డెంటల్ ఫ్లాస్ దూర్చి, రెండు చేతులతో రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకి వచ్చాను. గోరుతో ఎత్తితే ఫోటో వంగి మడత పడిపోతుంది, ఫ్లాస్ అయితే ఫోటో చదునుగానే ఉంటుంది, తెగేది జిగురే. కదలనివి ఉంటే హెయిర్ డ్రయర్ ని దూరంగా, తక్కువ వేడిలో, అట్ట వెనక నుంచి కాసేపు చూపించాను. అయినా రెండు మూడు రాలేదు, వాటిని లాగలేదు, చుట్టూ అట్టతో సహా కత్తిరించి తీసీసాను, వాటి స్కాన్ ప్రింటే ఆల్బమ్ లోకి వెళ్తుంది.

పెళ్ళి ఫోటోలన్నీ ఎర్రగా అయిపోయాయి. ఆ కాలం కలర్ ప్రింట్లలో చాలావాటికి ఇలాగే అవుతుంది, బొమ్మ మూడు రంగుల పొరల్లో ఉంటుంది, చీకట్లో పెట్టినా నీలం వైపు రంగు ముందు వెలిసిపోయి ఎరుపు, పసుపు మిగిలిపోతాయి. అమ్మ చీర అసలు ఆకుపచ్చ అట, ఫోటోలో ఇటుక రంగు. స్కాన్ లో కొంచెం సరిచేసాను కానీ ఒరిజినల్ ని మార్చలేం కదా, అందుకని ఆ పేజీలో ఎర్రబడ్డ ఒరిజినలూ, పక్కన సరిచేసిన ప్రింటూ, రెండూ పెడతాను. బ్లాక్ అండ్ వైట్ వి మాత్రం చెక్కుచెదరలేదు, నాన్న మూడో యేట స్టూడియోలో పరదా ముందు నిలబడ్డ ఫోటో ఎంత స్పష్టంగా ఉందో, అది వెండితో ఏర్పడే బొమ్మ కాబట్టి సరిగ్గా కడిగిన ప్రింట్ అయితే అంత నిలబడుతుంది.

కాగితం

గంటస్తంభం దగ్గర స్టేషనరీ షాపులన్నీ తిరిగాను. చార్ట్ పేపర్లు, ఐవరీ షీట్లు, రంగు హ్యాండ్ మేడ్ షీట్లు చాలా ఉన్నాయి కానీ నాకు కావాల్సింది యాసిడ్ లేని కాగితం. న్యూస్ పేపర్ ఎండలో పెడితే ఎలా పచ్చబడుతుందో తెలుసు కదా, కలపలో ఉండే లిగ్నిన్ వల్లే అది, అలాంటి కాగితం ఫోటో కింద ఉంటే ఫోటో కూడా పాడవుతుంది. ఒక షాపులో యాసిడ్ ఫ్రీ అని రాసున్న 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు 300 గ్రాములు) డ్రాయింగ్ షీట్ దొరికింది. దాన్నీ ఇంకో రెండు రకాల ముక్కల్నీ తెచ్చి సగం మీద రేకు కప్పి మేడమీద ఎండలో కొన్నాళ్ళు ఉంచాను, ఐవరీ ముక్క కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా వచ్చీసింది, డ్రాయింగ్ షీట్ కి రాలేదు. ఇది ల్యాబ్ టెస్టు అంత గట్టిది కాదు, లిగ్నిన్ ఎక్కువున్న కాగితాన్ని మాత్రం పట్టిస్తుంది. రంగు షీట్లకి ఇంకో పరీక్ష, తడి దూదితో రుద్దాలి, దూదికి రంగంటితే ఆ కాగితం ఫోటో దగ్గరకి రాకూడదు. మెరూన్ షీట్ ఇక్కడే ఆగిపోయింది, దాని మీద చాలా ఆశపడ్డాను, కవర్ లోపల చిన్న పట్టీగా వాడతాను అంతే.

షీట్ సైజు 22 బై 28 అంగుళాలు. నాలుగు చేస్తే 11 బై 14, ఒక్క పీలిక కూడా వేస్టు పోదు, అయిదు షీట్లకి ఇరవై ఆకులు. ఇక్కడ చూసుకోవాల్సింది కాగితం వాటం. ఏ కాగితమైనా ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది, తేలిగ్గా వంగినప్పుడు వచ్చే మడత గీత ఎటుందో అదే వాటం. ఆ గీత ఆల్బమ్ వెన్నుకి సమాంతరంగా ఉండాలి, లేకపోతే పేజీలు తిప్పినప్పుడు బిగుసుకుపోయి లేచి నిలబడతాయి, జిగురు తగిలిన చోట అలలు పడతాయి. నా షీట్ కి వాటం 28 అంగుళాల వైపు ఉంది, అంటే ముక్కలో 14 వైపు. అడ్డంగా తెరుచుకునే ఆల్బమ్ అనుకున్నాను మొదట, వాటం చూసాక నిలువు ఆల్బమ్ కి మారిపోయాను, వెన్ను 14 అంగుళాలు.

పెద్దమ్మ దగ్గర

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే విలువైన రోజు ఇదే. పెద్దమ్మ అంటే నాన్న పెద్దన్నయ్య భార్య, పలాస అవతల ఉద్దానంలో ఉంటుంది, ఎనభై దగ్గరపడుతోంది. ఫోటోల స్కాన్లు ఏ4 సైజులో పెద్దగా ప్రింట్ తీసి పట్టుకెళ్ళాను, ఫోన్లో చూపిస్తే పెద్దవాళ్ళకి వేలు తగిలి అది జరిగిపోతుంది, ఎవరెవరో చెప్పేలోపే స్క్రీన్ ఆరిపోతుంది, కాగితం అయితే ఒళ్ళో పెట్టుకుని చూస్తారు.

"ఏటే అమ్మీ, ఇన్నీ మీకాడే ఉన్నాయేటి?" అని చాలాసేపు ఒక్క ఫోటోనే పట్టుకుని కూర్చుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది, జీడితోటలూ కొబ్బరిచెట్లూ ఎలా పడిపోయాయో మన జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రాత్రి వీళ్ళ ఇంటి పెంకులు లేచిపోయాయి. "ట్రంకుపెట్టి నిండా నీలే. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయిపోనాయి. మీ పెదనాన్నది ఒక్కటీ మిగల్లేదు" అంది. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. నా దగ్గరున్న పెళ్ళి ఫోటోల్లో నాలుగింట్లో ఆయన ఉన్నారు, ఒకదాంట్లో నవ్వుతూ, భుజం మీద కండువాతో. పెద్దమ్మ దగ్గర ఆయన ఫోటో లేదన్న సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలీదు. ఆ నాలుగు పెద్ద ప్రింట్లూ అక్కడే ఇచ్చీసి వచ్చాను. ఒకే ఇంట్లో ఒకే కాపీ ఉండకూడదు, తుపాన్ల తీరంలో ఉన్నాం మనం, ఈ ఆల్బమ్ కి రెండో ప్రతి పెద్దమ్మ కోసం తప్పకుండా చెయ్యాలని అక్కడే అనుకున్నాను.

పేర్లు రాసుకునే పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ప్రింట్ మీద మనిషి పక్కన నంబరు వేసి, పుస్తకంలో ఆ నంబరుకి పేరు, నాన్నకి ఏమవుతారు, ఏ ఊరు, ఇవి రాసాను, ఫోన్లో వాయిస్ రికార్డింగ్ కూడా ఆన్ చేసి పక్కన పెట్టాను, ఎందుకంటే పేరుతో ఆగరు కదా, కథ మొదలవుతుంది, అది రాసుకుంటూ కూర్చుంటే వినలేం. పెళ్ళి పందిట్లో ఒక మూల పెద్ద గుండిగ దగ్గర నిలబడ్డ ఆవిడ ఎవరో అమ్మకి కూడా తెలీదు. పెద్దమ్మ చూడగానే చెప్పీసింది, తాతయ్య మేనత్త కూతురు అట, పెళ్ళికి వారం ముందే వచ్చి సున్నుండలూ అరిసెలూ అన్నీ దగ్గరుండి చేయించింది అట. "అది లేకపోతే ఆ పెళ్ళి ఎల్లేదేటి?" అంది. ముప్ఫై ఆరేళ్ళుగా మా ఇంట్లో ఆవిడ ఫోటో ఉంది, ఆవిడెవరో ఎవరికీ తెలీదు. ఆ ఫోటోకి పేజీలో సగం ఇస్తున్నాను.

ఇంకోటి, కోట ముందు జనంలో నాన్నా, పెదనాన్నా, వెనకాల సిరిమాను, అంటే పైడితల్లమ్మ జాతరలో పూజారిని పైన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను. ఏ యేడు అన్నది నాన్నకి గుర్తు లేదు. పెద్దమ్మకి ఉంది, "ఆ యేడే కదే పెద్దోడు పుట్టేడు, నాను సంటిపిల్లడితో రాలేకపోనాను" అంది. అన్నయ్య పుట్టింది 1986లో. పైడితల్లమ్మ సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారమే కాబట్టి పాత పంచాంగం చూస్తే తేదీతో సహా రాయొచ్చు.

తిరుగు రైలు పొందూరులో దిగి అట్టకి చుట్టడానికి ఖద్దరు కొన్నాను. అమ్మ పాత చీర వాడదామా అంటే కోస్తే ఊరుకోనంది, సరేనన్నాను. పొందూరు సన్న ఖాదీ నూలు ఎలా తీస్తారో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ సన్నటి పళ్ళు చెత్తంతా లాగేస్తాయి, తర్వాత చేత్తో వడకడం, చేత్తో నెయ్యడం. నాన్నకి పొందూరు పంచెలంటే ఇష్టం, షష్టిపూర్తికి కట్టుకున్నది కూడా అదే.

అట్టలు, జిగురు

బట్టని నేరుగా అట్ట మీద అతికిస్తే సన్న నేత కాబట్టి జిగురు పైకి ఊరి మచ్చలు పడతాయి. అందుకని ముందు బట్ట వెనక పల్చటి టిష్యూ కాగితం మైదా జిగురుతో అతికించి, అద్దం మీద చదునుగా పరిచి ఆరబెట్టాను, ఆరాక అది కాగితంలా నిలబడుతుంది, అప్పుడు అట్టకి చుట్టొచ్చు. జిగురు ఒక వంతు మైదాకి అయిదు వంతుల నీళ్ళు, ఉండ కట్టకుండా కలిపి సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే తెల్లటిది కాస్తా అద్దంలా మారుతుంది, అప్పుడు దించాలి. ఖాతా పుస్తకాలు కుట్టే బైండింగ్ మావయ్య దగ్గరకెళ్ళి అడిగితే అందులో పిసరంత మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వెయ్యమన్నారు, పురుగు రాదు. వేసాను, అయితే అది విషం, వంటగిన్నె వాడకూడదు, పిల్లలకి అందకూడదు. పైగా ఈ జిగురు బయట అట్టకే, ఫోటోలున్న పేజీల దగ్గరకి తేలేదు.

అట్ట వాళ్ళ దగ్గర కొన్నదే, దళసరి మిల్ బోర్డు. అది యాసిడ్ ఉండే రకమే కాబట్టి లోపలివైపు అదే డ్రాయింగ్ షీట్ అతికించాను, ఫోటోకీ బోర్డుకీ మధ్య అడ్డు. రెండో లాభం ఏంటంటే, ఒకవైపే బట్ట అతికిస్తే ఆరేటప్పుడు అది లాగి అట్ట వంగిపోతుంది, లోపల కూడా కాగితం ఉంటే రెండు లాగుళ్ళూ సమానమై చదునుగా ఉంటుంది. పీట మీద పెట్టి, పైన ఇంకో పీట, దానిమీద సన్నికల్లు. పుష్యమాసం గాలి పొడిగా ఉంది, బాగా ఆరాయి.

మావయ్య చెప్పిన ఇంకో మాట చాలా ముఖ్యం. "నడుం దగ్గర పట్టీలు వెయ్యమ్మా, లేపోతే ఫోటోలు పెట్టీసరికి పుస్తకం నోరు తెరుచుకుంటాది" అన్నారు. లెక్క చూస్తే నిజమే, ఒక ఫోటో మందం పావు మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, ఆకుకి రెండువైపులా కలిపి అర, ఫోటో మూలల్ని పట్టి ఉంచే కాగితం కార్నర్లూ, అలంకారాలూ కలిస్తే ఇంకా ఎక్కువ, ఇరవై ఆకులకి సెంటీమీటరు దాటిపోతుంది, ఆ మందమంతా ఒకవైపే ఉంటే అట్ట మూసుకోదు. అందుకని ప్రతి రెండు ఆకుల మధ్యా వెన్ను దగ్గర అంగుళం వెడల్పు పట్టీలు రెండేసి, అదే కాగితంవి, పెట్టాను. ఆకుల మీద అంగుళం దగ్గర మొండి చాకుతో గీత లోతుగా లాగాను, అక్కడే మడతపడి పేజీ పూర్తిగా పరుచుకుంటుంది.

ఫోటోలు ఏరడం

పదహారు వందల్లోంచి తొంభై దాకా తేల్చాను. స్టేజి మీద వరసగా వచ్చి నిలబడి అక్షింతలు వేసే ఫోటోలే సగానికి పైన ఉన్నాయి, వాటిలో ప్రతి కుటుంబానికి ఒకటి. నాకు నచ్చినవి చాలామటుకు పిన్ని కొడుకు ఫోన్లో తీసినవి, నాన్న తాళి కట్టేటప్పుడు అమ్మ తల వంచకుండా సూటిగా నాన్న మొహంలోకి చూస్తున్నది అందులోదే. వాట్సాప్ లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్ గా పంపించమని అడిగి తెప్పించాను. నాలుగు బై ఆరు ప్రింట్ కి 1200 బై 1800 పిక్సెల్స్ ఉంటే చాలు. ఫోన్ ఫోటో ఆకారం 4:3, నాలుగు బై ఆరు కాగితం 3:2, ల్యాబ్ వాళ్ళకి ఏమీ చెప్పకపోతే నింపడానికి తలో కాళ్ళో కోసేస్తారు. తెల్ల అంచుతో పూర్తి ఫోటో రావాలని చెప్పి చేయించుకోండి.

పేజీలో వెన్ను అంగుళం పోను పది బై పధ్నాలుగు చోటుంది. ఆరు అంగుళాల వెడల్పు ఫోటోలు మూడు ఒకదాని కింద ఒకటి, పక్కన మిగిలిన చోటంతా రాతకి. రాయడానికి చోటు ముందే వదలడం నాకు ఇష్టం, ఫోటోలు నింపేసాక మూలల్లో ఇరికించి రాస్తే ఎవరూ చదవరు.

కార్నర్లు నేనే చేస్తున్నా, రెండు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు పొడవు పట్టీ, రెండు చివరలూ మధ్యకి ఏటవాలుగా మడిస్తే త్రికోణం జేబు అవుతుంది, వెనక మాత్రం జిగురు. ఫోటో మూలలు అందులో దూర్చడమే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. టీవీ చూస్తూ అమ్మ కూడా కూర్చుని మడిచింది.

అమ్మకి తలంబ్రాల బియ్యం పేజీలో అతికించాలని ఉంది, ఎండిన మల్లెలు కూడా. బియ్యం అంటే పురుగులకి భోజనమే, పువ్వు తేమ కాగితానికి మరక చేస్తుంది, ఆ మాట మెల్లగా చెప్పాను. చివరికి తలంబ్రాలు చిన్న గాజు సీసాలో పోసి దేవుడి గూట్లో పెట్టాం, ఆ సీసా ఫోటో పేజీలో ఉంటుంది. 1989 శుభలేఖ మాత్రం పెట్టాల్సిందే, నాలుగు మూలలా పసుపుతో, దానికి విడిగా కాగితం జేబు చేసి, ఫోటోలు లేని పేజీలో పెట్టాను.

రాతకి వాటర్ ప్రూఫ్ పిగ్మెంట్ ఇంక్ పెన్ను. పేర్లు ఫోటో వెనక కూడా రాద్దామంటే ఇప్పటి ప్రింట్ల వీపు ప్లాస్టిక్ పూతతో ఉంటుంది, పెన్సిల్ పట్టదు, బాల్ పెన్ను నొక్కితే ముందువైపు గీత తేలుతుంది, ఇంకు ఆరకపోతే కింద ఫోటోకి అంటుతుంది. అందుకని పేజీ మీదే. పాత బ్లాక్ అండ్ వైట్ వాటికి మాత్రం అంచు వెనక 2బీ పెన్సిల్ తో తేలిగ్గా రాసాను.

జనవరి, ఇప్పటికి

ఆరతో (బెజ్జాలు పొడిచే మేకులాంటి పనిముట్టు) బెజ్జాలు పొడిచి, చదునైన నూలు తాడుతో కట్టాను, కుట్టు కాదు ముడే, విప్పి ఆకులు కలపొచ్చు. ఇరవై ఆకుల్లో పదహారు నిండాయి, నాలుగు కావాలనే ఖాళీగా ఉంచాను, సంక్రాంతికి వచ్చేవాళ్ళు ఎవరి మాట వాళ్ళ చేతిరాతతో రాయాలి, చిన్నాన్న పెళ్ళినాటి బ్యాండు మేళం సంగతి తనే రాస్తానన్నారు. ఇద్దరు మనుషులు ఇంకా తేలలేదు, పెళ్ళి గ్రూప్ ఫోటోలో ఎడమ చివర కళ్ళజోడు ఆయనా, ఆయన ముందున్న పిల్లా, వాళ్ళ దగ్గర గీత గీసి చోటు వదిలాను, భోగి రోజు అందరికీ చూపించి అడుగుతాను. ఆల్బమ్ ఉండేది లోపలి గదిలో బీరువా మధ్య అరలో, పడుకోబెట్టి, సిలికా జెల్ ప్యాకెట్లతో, అదే అరలో నాఫ్తలీన్ ఉండలు వద్దని అమ్మకి చెప్పాను. స్కాన్లన్నీ తమ్ముడికి ఒక హార్డ్ డిస్క్ లో ఇస్తున్నా.

పెద్దమ్మ ప్రతికి ఇంకో అయిదు షీట్లు తెచ్చి ఉంచాను. దాంట్లో మొదటి పేజీ పెదనాన్నది, కండువాతో నవ్వుతున్నది, ఎనిమిది బై పది సైజులో ప్రింట్ కి ఇచ్చాను, శనివారం ఇస్తామన్నారు.